1978 షెవర్లే ట్రక్కు, 350 ఇంజన్: లైట్ కొట్టి టైమింగ్ పెడితే లాగదు, చెవితో పెడితే నాకింగ్

పాతట్రక్కు_డల్లాస్
బండి 1978 షెవర్లే సీ10. 350 వీ8, నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్, హెచ్ఈఐ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంపేది, పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ రకం). ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, క్యాప్, రోటర్ అన్నీ కొత్తవి వేశాక టైమింగ్, అంటే ప్లగ్గులో స్పార్క్ ఏ క్షణంలో పడాలో అది, చూసుకుందామని కూర్చున్నాను. బానెట్ కింద స్టిక్కర్ మీద టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) ముందు 8 డిగ్రీలు అని ఉంది. ఇంజన్ బాగా వేడెక్కాక డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం పీకి, మూతి మూసి, ఐడిల్‌లో టైమింగ్ లైట్ (ఒకటో ప్లగ్ స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసేది) కొట్టి సరిగ్గా 8 మీద బిగించాను.

బండిలో ప్రాణం లేదు. యాక్సిలరేటర్ తొక్కితే అరుపే కానీ పరుగు లేదు. హైవే ఎక్కితే టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ లేనంత పైకి పోతోంది.

దగ్గర్లో ఒక పాత షాపుకి తీసుకెళ్లాను. ఆయన లైట్ ముట్టుకోనే లేదు. క్లాంప్ బోల్టు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్‌ని అటూ ఇటూ తిప్పి, చెవి పెట్టి విని బిగించేశాడు. ఇప్పుడు లాగుడు అదిరిపోయింది. కానీ వెనక మట్టి బస్తాలు వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే నాకింగ్ (ఇంజన్ లోపల టకటక కొట్టే శబ్దం) వినిపిస్తోంది. వేడి మీద ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. లైట్ కొట్టి చూస్తే క్రాంక్ ముందు చక్రం మీది గీత, డిగ్రీల అంకెలున్న ట్యాబ్ దాటి ఎక్కడికో పోయింది, చదవడానికే లేదు. పోయించేది 87 ఆక్టేన్ పెట్రోలు.

ఏది నమ్మాలి, స్టిక్కర్‌నా చెవినా?

హ్యూస్టన్_మావయ్య
చెవినే. ఆ స్టిక్కర్ 1978లో ఎమిషన్ నిబంధనల కోసం, ఆ రోజుల పెట్రోలుకి, కొత్త ఇంజన్‌కి రాసింది. ఇన్నేళ్లలో టైమింగ్ చైన్ సాగి ఉంటుంది, కార్బురేటర్ ఎవరెవరి చేతుల్లోనో పడి ఉంటుంది. ఇంజన్ ఏం అడుగుతోందో అది ఇవ్వాలి. షాపాయన పెట్టిన చోటు నుంచి కొంచెం వెనక్కి తిప్పు, ఫ్లైఓవర్ ఎక్కించి చూడు, ఇంకా నాకింగ్ ఉంటే ఇంకొంచెం తిప్పు. నాకింగ్ ఆగిన చోట బిగించు. పాత బళ్లు అన్నీ ఇలాగే నడిచాయి.

నెల్లూరు_చిన్నోడు
మావయ్యా, నీకు చెవిలో లైట్ ఉంది. మాకు లేదు కదా!

డెట్రాయిట్_కొలతలు
8 దగ్గర లాగకపోవడం, వేడెక్కడం. ఈ రెండూ కలిసి వచ్చాయంటే స్పార్క్ ఆలస్యంగా పడుతున్నట్టు లెక్క. 350కి నిజంగా 8 డిగ్రీలు ఉంటే ఇంత అన్యాయంగా నడవదు. అంటే లైట్ చూపించిన 8 నిజమైన 8 కాకపోవచ్చు.

ముందు చిన్నవి తేల్చుకుందాం. లైట్ క్లిప్పు ఏ వైరుకి పెట్టారు? ఒకటో సిలిండర్ డ్రైవర్ వైపు అన్నిటికంటే ముందున్నది. పీకిన వాక్యూమ్ గొట్టం మూతి గట్టిగా మూశారా? ఐడిల్ ఎంతలో ఉంది? ఐడిల్ ఎక్కువైతే డిస్ట్రిబ్యూటర్ లోపల తూకాలు (వేగం పెరిగే కొద్దీ స్పార్క్‌ని ముందుకి జరిపేవి) అప్పటికే తెరుచుకోవడం మొదలెడతాయి, అప్పుడు మీరు చూసేది బేస్ టైమింగ్, అంటే అవి కదలకముందు ఉండేది, కాదు.

పాతట్రక్కు_డల్లాస్
క్లిప్పు డ్రైవర్ వైపు మొదటి వైరుకే. గొట్టంలో గోల్ఫ్ టీ దూర్చి మూశాను. ఐడిల్ నిమిషానికి 600 చుట్ల దగ్గర ఉంది. ఇప్పుడు డయల్ తిప్పే రకం లైట్ ఒకటి స్నేహితుడి దగ్గర తెచ్చాను. షాపాయన పెట్టిన చోట 24 చూపిస్తోంది.

హ్యూస్టన్_మావయ్య
24? నిజంగా 24 అయితే వేడి మీద సెల్ఫ్ తిరగదు బాబూ, వెనక్కి తంతుంది. నీది బరువుగానైనా తిరుగుతోంది కదా. ఇదేదో తేడాగా ఉంది.

గోదారి_గాలి
డిస్ట్రిబ్యూటర్ గేరు ఒక పన్ను తప్పి కూర్చుందేమో?

డెట్రాయిట్_కొలతలు
@గోదారి_గాలి పన్ను తప్పితే బాడీని తిప్పి సరిచేసుకోవచ్చు, లైట్ రీడింగ్ మాత్రం అబద్ధం చెప్పదు. తిప్పడానికి చోటు చాలక వాక్యూమ్ డబ్బా దేనికో తగులుకుంటుంది, అంతే ఇబ్బంది. ఇక్కడ కథ అది కాదు.

గోదారి_గాలి
సరే. అయితే వైర్ల వరస కూడా ఒకసారి చూసుకోండి. 1-8-4-3-6-5-7-2, రోటర్ పైనుంచి చూస్తే గడియారం తిరిగే వైపే తిరుగుతుంది. 5, 7 పక్కపక్క సిలిండర్లు, ఒకదాని వెనకే ఒకటి మండుతాయి. ఆ రెండు వైర్లూ ఆనుకుని సాగితే 5 వంతులో 7కి కూడా దొంగ స్పార్క్ పోతుంది. అది కూడా అచ్చం నాకింగ్‌లాగే వినిపిస్తుంది. కొత్త వైర్లు వేసిన బళ్లలో నేను మొదట చూసేది ఇదే.

పాతట్రక్కు_డల్లాస్
వరస సరిగ్గానే ఉంది. 5, 7 మాత్రం ఒకే క్లిప్పులో కలిసి పోతున్నాయి. విడదీస్తాను.

ఆటోనగర్_బుల్లోడు
నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పని చేస్తాను. మాకు స్పార్క్ గొడవ లేదు, పంపు టైమింగే మాకు టైమింగ్. పాత టాటా, లేలాండ్ ఆరు సిలిండర్ల బళ్లకి స్పిల్ కట్ చేస్తాం. పంపు మీద ఒకటో నంబర్ డెలివరీ హోల్డర్ విప్పి, లోపల వాల్వూ స్ప్రింగూ తీసి పక్కన పెట్టి, వంకర గొట్టం బిగిస్తాం. చేతి పంపు కొడుతూ ఫ్లైవీల్‌ని మెల్లగా తిప్పితే గొట్టం మూతిలోంచి డీజిల్ ధారగా వస్తుంది, తర్వాత చుక్కలు అవుతుంది, ఒక చోట చుక్క మూతి దగ్గరే నిలబడిపోతుంది. ఇంజెక్షన్ మొదలయ్యేది అక్కడే. అప్పుడు ఫ్లైవీల్ మీద గుర్తు ఎక్కడుందో చూసి పంపుని తిప్పుకుంటాం.

చెప్పేదేమిటంటే, మా పనిలో కూడా శబ్దం, పొగ చూసి పెట్టేవాళ్లు ఉన్నారు. తెల్ల పొగ వస్తే వెనక ఉందని, గట్టిగా కొడితే ముందు ఉందని పట్టేస్తారు. కానీ లోడు బండి ఘాట్ ఎక్కి దిగేదాకా వాళ్లకే నమ్మకం ఉండదు. చుక్క ఆగిన చోటికి మాత్రం తిరుగులేదు. అయితే ఒకటి, ఫ్లైవీల్ తప్పుగా బిగించి ఉంటే గుర్తు కూడా తప్పే. పెద్దాయన దగ్గర పని నేర్చుకునేటప్పుడు మొదట చెప్పింది ఇదే: గుర్తుని నమ్మే ముందు పిస్టన్ నిజంగా పైన ఉందో లేదో చూసుకో.

డెట్రాయిట్_కొలతలు
బుల్లోడు గారు సరిగ్గా అక్కడికే తెచ్చారు.

ఈ ఇంజన్‌లో గీత ఉండేది క్రాంక్ ముందున్న బాలన్సర్ మీద. అది ఒకే ముక్క కాదు. మధ్యలో హబ్, దాని చుట్టూ పల్చటి రబ్బరు పట్టీ, దాని మీద బరువైన బయటి రింగు. గీత ఉన్నది బయటి రింగు మీద. దశాబ్దాల వేడి, నూనె తగిలి రబ్బరు గట్టిపడుతుంది, పగులుతుంది. అప్పుడు రింగు హబ్ మీద జారుతుంది. హబ్ క్రాంక్‌తో తిరుగుతూనే ఉంటుంది, బరువైన రింగు వెనకబడుతుంది. గీత వెనకబడితే లైట్‌లో కనిపించే అంకె అసలు కంటే ఎక్కువగా ఉంటుంది. మీరు 8 అనుకుని పెట్టింది నిజానికి సున్నా దగ్గరో, సున్నా దాటాకో అయి ఉండొచ్చు. బండి లాగకపోవడానికి, వేడెక్కడానికి అది చాలు. అలాగే షాపాయన 24 కూడా అసలు 24 కాదు. మావయ్య గారు అనుమానపడింది అందుకే సబబు.

ఎందుకింత తేడా వస్తుందంటే, సిలిండర్‌లో మంట ఒక్క క్షణంలో అంటుకోదు. ప్లగ్ దగ్గర మొదలై అటు గోడ దాకా పాకాలి. ఒత్తిడి గరిష్ఠానికి చేరేది పిస్టన్ పైనుంచి దిగడం మొదలెట్టి సుమారు 15 డిగ్రీలు తిరిగాక ఉండాలి. స్పార్క్ ఆలస్యమైతే దిగిపోతున్న పిస్టన్ వెనక మంట పరిగెడుతుంది. ఆ వేడి పని చేయకుండా ఎగ్జాస్ట్‌లోకి, నీళ్లలోకి పోతుంది. మరీ ముందైతే పిస్టన్ ఇంకా ఎక్కుతుండగానే ఒత్తిడి పెరిగి, మూలన మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతుంది. మీరు వినే నాకింగ్ అదే.

హ్యూస్టన్_మావయ్య
బాలన్సర్ జారడం అరుదు బాబూ. ప్రతి ఫోరంలో ప్రతి సమస్యకీ బాలన్సరే అంటారు. ఎవరో టైమింగ్ కవర్ మార్చి వేరే ఏడాది ట్యాబ్ వేసి ఉంటారు. షెవీ చిన్న వీ8లో ట్యాబ్ చోటు, గీత చోటు ఏళ్లని బట్టి మారాయి. కవర్ ఒక బండిది, బాలన్సర్ ఒక బండిది అయితే గీత ఎప్పటికీ కలవదు.

బే_ఏరియా_సుజాత
మావయ్య గారూ, అరుదేం కాదు. మా నాన్నగారి ట్రక్కులో జరిగింది. జారిందో, ట్యాబ్ తేడానో తేల్చుకోవడం తేలికే. హబ్ మీద నుంచి రబ్బరు మీదుగా బయటి రింగు దాకా తెల్ల పెయింట్‌తో ఒక అడ్డగీత గీయండి. కొన్నాళ్లు నడిపి చూడండి. గీత విరిగి రెండు ముక్కలైతే రింగు జారుతోంది. కలిసే ఉంటే ట్యాబ్ అనుమానం, లేదా ఎప్పుడో జారి ఆగిపోయింది.

ఇంకొకటి, మీరు టెక్సాస్‌లో ఉన్నారు కాబట్టి ఈ వయసు బండికి ఎమిషన్ టెస్ట్ బాధ లేదు. మాకు ఇక్కడ కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోల్ బళ్లకు స్మాగ్ (పొగ పరీక్ష) ఉంది, అందులో టైమింగ్ కూడా చూస్తారు. చెవితో పెట్టుకుని వెళ్తే ఇంటికి పంపేస్తారు.

పాలమూరు_జీపు
నాది ట్రక్కు కాదు, పాత మహీంద్రా పెట్రోల్ జీపు, నాలుగు సిలిండర్ల హరికేన్ ఇంజన్. ఇక్కడ లైట్ కూడా అక్కర్లేదు. 12 వోల్టుల బల్బు ఒక వైరు కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే కొసకి, ఇంకోటి బాడీకి. కీ ఆన్ చేసి, గుర్తు 5 డిగ్రీల దగ్గర నిలబెట్టి, డిస్ట్రిబ్యూటర్ మెల్లగా తిప్పుతాను. పాయింట్లు విడిపడ్డ క్షణం బల్బు వెలుగుతుంది. అక్కడ బిగించేయడమే.

పాయింట్ల బళ్లు ఉన్నవాళ్లకి ఒక మాట. గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ కూడా ముందుకి జరిగిపోతుంది. మా వైపు చాలామంది టైమింగ్ పెట్టేశాక పాయింట్లు గీకి గ్యాప్ మారుస్తారు, మళ్లీ బండి సరిగ్గా లేదంటారు. గ్యాప్ నా జీపుకి 20 థౌ, అంటే అర మిల్లీమీటరు.

నెల్లూరు_చిన్నోడు
బల్బు ఐడియా బాగుంది అన్నా. మావయ్య చెవికి కనెక్షన్ ఇవ్వొచ్చా?

పాతట్రక్కు_డల్లాస్
@బే_ఏరియా_సుజాత పెయింట్ గీశాను. నిజమైన టీడీసీ ఎలా కనుక్కోవాలి? ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి చూస్తే చాలు అంటున్నారు.

బే_ఏరియా_సుజాత
స్క్రూడ్రైవర్ వద్దు. పైకొచ్చాక పిస్టన్ కాసేపు కదలనట్టే ఉంటుంది, అక్కడ ఎన్నో డిగ్రీలు తప్పిపోతాయి. పైగా వంకరగా ఇరుక్కుంటే పిస్టన్ గీరుకుంటుంది.

పిస్టన్ స్టాప్ అని ప్లగ్ మరల్లో బిగించే చిన్న ముక్క దొరుకుతుంది. బ్యాటరీ తీసేయండి. ప్లగ్గులన్నీ విప్పితే క్రాంక్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది. పిస్టన్ కిందకి ఉన్నప్పుడు స్టాప్‌ని ఒకటో సిలిండర్‌లో బిగించి, పానాతో క్రాంక్‌ని మెల్లగా తిప్పండి. పిస్టన్ స్టాప్‌కి తగిలి ఆగుతుంది. ట్యాబ్ సున్నాకి ఎదురుగా బాలన్సర్ మీద ఒక చుక్క. ఇప్పుడు అటు వైపు తిప్పండి, మళ్లీ తగిలి ఆగిన చోట ఇంకో చుక్క. రెండు చుక్కల సరిగ్గా నడిమధ్య నిజమైన సున్నా. సెల్ఫ్ మాత్రం పొరపాటున కూడా కొట్టొద్దు, పిస్టన్‌కి చిల్లు పడుతుంది. వెనక్కి తిప్పేటప్పుడు మధ్య బోల్టు ఊడుతోందేమో చూసుకోండి.

గోదారి_గాలి
అడగకపోయినా చెప్తున్నాను. లైట్ వెలుగులో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతున్నట్టు, ఒక్కోసారి ఆగినట్టు కూడా కనిపిస్తుంది. అది ఆగలేదు. లైట్ వైరు, చొక్కా చేతులు, మెడలో ఏమైనా ఉంటే అవి, అన్నీ దూరంగా పెట్టుకోండి.

పాతట్రక్కు_డల్లాస్
చేశాను. రెండు చుక్కల మధ్య కొలిచి కొత్త సున్నా గీశాను. పాత గీతకీ దీనికీ మధ్య 15 మిల్లీమీటర్లు ఉంది. కొత్త గీత సున్నా మీద ఉన్నప్పుడు పాత గీత ఇంకా ట్యాబ్ దాకా రాలేదు, వెనకే ఉంది. బాలన్సర్ అడ్డం 6.75 అంగుళాలు. తెల్ల పెయింట్ కూడా రబ్బరు దగ్గర తెగింది, బయటి ముక్క కొంచెం వెనక్కి జరిగింది.

డెట్రాయిట్_కొలతలు
6.75 అంగుళాలకి చుట్టుకొలత సుమారు 538 మిల్లీమీటర్లు. 360తో భాగిస్తే డిగ్రీకి ఒకటిన్నర మిల్లీమీటరు. 15 అంటే 10 డిగ్రీలు.

మీరు స్టిక్కర్ ప్రకారం పెట్టిన 8, అసలు టీడీసీ దాటాక 2. షాపాయన చెవితో పెట్టిన 24, అసలు 14. రెండు కథలూ అతుక్కుపోయాయి.

హ్యూస్టన్_మావయ్య
చూశారా! స్టిక్కర్ 8 అంది. లైట్ 10 డిగ్రీలు తప్పింది. చెవి 6 తప్పింది. చెవే గెలిచింది. బాలన్సర్ విషయంలో మాత్రం సుజాత మాటే నిజం.

డెట్రాయిట్_కొలతలు
ఈ బండి వరకు ఒప్పుకుంటాను, చెవి దగ్గరగా వచ్చింది. కానీ చెవి వినేది ఐడిల్‌నే. ఐడిల్‌లో ఇంజన్‌కి అడ్వాన్స్ (స్పార్క్‌ని ముందుకి జరపడం) పెంచేకొద్దీ చాలావరకు ఇంకా సాఫీగా, ఇంకా వేగంగా తిరుగుతుంది. దాంతో చేయి అలా ముందుకే పోతుంది. తూకాలన్నీ తెరుచుకున్నాక 3000 దగ్గర మొత్తం ఎంత వస్తోందో చెవికి తెలియదు. పిస్టన్లు పగిలేది అక్కడ. హైవే గాలి హోరులో, లోడు మీద వచ్చే నాకింగ్ క్యాబిన్‌లోకి వినిపించకపోవచ్చు కూడా.

అందుకే కొత్త గీతతో, వాక్యూమ్ మూసి ఉంచి, 3000 దాకా లేపి మొత్తం ఎంతో చూడండి. ఈ ఇంజన్‌కి 32 నుంచి 36 మధ్య ఉండాలి. 87 పెట్రోలుతో, డల్లాస్ ఎండలో, బరువు మోసే బండికి నేనైతే కింది వైపే ఉంటాను. అంతకు ముందు క్యాప్ తీసి రోటర్‌ని చేత్తో తిప్పి వదలండి, టక్కున వెనక్కి రావాలి. రాకపోతే తూకాల కింద తుప్పు పట్టినట్టు. వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చి చూడండి, లోపల ప్లేటు కదలాలి, పీల్చినంతసేపూ నిలబడాలి.

పాతట్రక్కు_డల్లాస్
రోటర్ బాగానే వెనక్కి వస్తోంది. షాపాయన పెట్టిన చోటే 3000 దగ్గర మొత్తం 36 వచ్చింది, ఆపైన పెరగలేదు. అంటే తూకాలు ఇచ్చేది 22. బేస్ 10 పెడితే 32 అవుతుంది కదా?

డెట్రాయిట్_కొలతలు
అవుతుంది. అక్కడ మొదలెట్టండి. అడ్వాన్స్ తగ్గించాలంటే డిస్ట్రిబ్యూటర్ బాడీని రోటర్ తిరిగే వైపే, అంటే గడియారం వైపు తిప్పాలి.

పాలమూరు_జీపు
వాక్యూమ్ గొట్టం ఎక్కడ తగిలించాలి మరి? కార్బురేటర్ మీద థ్రాటిల్ పైన ఉన్న దానికా, మానిఫోల్డ్‌కా?

హ్యూస్టన్_మావయ్య
మానిఫోల్డ్‌కే. ఐడిల్‌లో కూడా అడ్వాన్స్ ఉంటే ఇంజన్ చల్లగా ఉంటుంది. ట్రాఫిక్‌లో నిలబడితే తేడా ముల్లు మీదే కనిపిస్తుంది.

బే_ఏరియా_సుజాత
1978 బండి ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో బానెట్ కింద గొట్టాల బొమ్మ ఉంటుంది, ముందు అలా పెట్టండి. మానిఫోల్డ్‌కి మారిస్తే ఐడిల్ పెరుగుతుంది, మళ్లీ కార్బురేటర్ సర్దాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

హ్యూస్టన్_మావయ్య
అది నిజమే. ఒకదాని తర్వాత ఒకటి.

ఆటోనగర్_బుల్లోడు
టైమింగ్ సరే. ఆ జారిన రింగుతో బండి నడపొద్దు అన్నా. పూర్తిగా ఊడితే రేడియేటర్‌ని చీల్చేస్తుంది. కొత్తది వేసేటప్పుడు సుత్తితో కొట్టొద్దు, క్రాంక్ చివరి బేరింగ్ దెబ్బతింటుంది. మరలతో లాగి కూర్చోబెట్టే పనిముట్టు ఉంటుంది, దాంతోనే.

గోదారి_గాలి
350కి 6.75, 8 అంగుళాలు రెండూ వచ్చాయి. ఆర్డర్ పెట్టే ముందు పాతదాన్ని కొలవండి. మీరు ఇప్పటికే కొలిచారనుకోండి. ఆ పనిముట్టు కొనక్కర్లేదు, అక్కడ విడిభాగాల షాపుల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు.

పాతట్రక్కు_డల్లాస్
కొత్త బాలన్సర్ వేశాను. పిస్టన్ స్టాప్‌తో మళ్లీ చూశాను, గీత ట్యాబ్ సున్నా మీదే కూర్చుంది, కాబట్టి ట్యాబ్ అసలుదే. బేస్ 10, మొత్తం 32. 5, 7 వైర్లు విడదీశాను. అదే లోడుతో అదే ఫ్లైఓవర్ ఎక్కాను, నాకింగ్ లేదు. లాగుడు షాపాయన పెట్టినప్పటిలాగే ఉంది. సెల్ఫ్ బరువు చాలావరకు తగ్గింది, ఎర్త్ కేబుల్ తుప్పు గీకాక పూర్తిగా పోయింది. ముల్లు మామూలు చోటే ఉంది.

షార్లెట్_వాసు
ఇదే చర్చలో అడుగుతున్నాను. నాది 1990 షెవీ, అదే 350 కానీ ఇంజెక్షన్, టీబీఐ (థ్రాటిల్ దగ్గరే పెట్రోలు చిమ్మే రకం). గొట్టం పీకడానికి డిస్ట్రిబ్యూటర్ మీద వాక్యూమ్ డబ్బానే లేదు. లైట్ కొడితే గీత కుదురుగా ఉండట్లేదు.

డెట్రాయిట్_కొలతలు
మీ బండిలో అడ్వాన్స్ కంప్యూటర్ ఇస్తుంది. ముందు దాన్ని పక్కన పెట్టాలి. గోధుమ రంగు మీద నల్ల చార ఉన్న ఒంటరి వైరు ఒకటి ఉంటుంది, దాని కనెక్టర్ విప్పండి. అప్పుడు బేస్ మాత్రమే మిగులుతుంది. దాన్ని సున్నా మీద పెట్టి బిగించి, ఇంజన్ ఆపి, మళ్లీ కనెక్టర్ తగిలించండి. స్టిక్కర్ మీద కూడా సున్నానే ఉండాలి, చూసుకోండి.

షార్లెట్_వాసు
దొరికింది. విప్పితే గీత 6 దగ్గర నిలబడింది. సున్నా మీదకి తెచ్చాను. ఇప్పుడు చెక్ ఇంజన్ లైట్ వెలుగుతోంది, కోడ్ 42.

బే_ఏరియా_సుజాత
వైరు విప్పి నడిపినందుకే ఆ కోడ్. ఇంజన్ ఆపి బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపాగి పెట్టండి, చెరిగిపోతుంది. మళ్లీ వస్తే ఆ కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదని అర్థం.

షార్లెట్_వాసు
పోయింది. కనెక్టర్ పిన్ను కూడా వదులుగానే ఉంది, బిగించాను. మావయ్య గారి మాట ప్రకారం చెవి పెట్టి కూడా విన్నాను, బాగానే ఉంది.